చామంతి నారుకు రాత్రి లెక్క

అక్టోబరులో నాటిన చామంతి జానెడు ఎత్తు కూడా పెరగకముందే మొగ్గ వేస్తే రైతు ముందు అనుమానించేది నారును, ఆ తర్వాత ఎరువును. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. మొక్కకు దొరికిన రాత్రి అవసరానికి మించి పొడవైంది, అంతే. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో బోరు కింద చామంతి వేసే చోట్ల ఆ పొడవైన చీకటిని తెంపేందుకు రాత్రిపూట చేలో బల్బులు వెలగడం ఇప్పుడు వింతేమీ కాదు. అయితే బల్బుల ఖర్చు పెట్టి కూడా పంట ఎందుకు తప్పుతోందో తెలియాలంటే చేను దగ్గర కాదు, నారు దగ్గర మొదలుపెట్టాలి. నాటే రోజుకే తలలో, అంటే చిగురు కొనలో, మొగ్గ మొదలైపోయిన నారుకు చేలో ఎన్ని దీపాలు పెట్టినా పెద్దగా ఒరిగేది లేదు.

చామంతి పొట్టి పగళ్ల మొక్క. పేరులో పగలు ఉన్నా ఆకు కొలిచేది తెంపులేని చీకటిని. ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎర్రటి కాంతి, అంటే 660 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న కాంతి, తగిలితే చురుకైన రూపంలోకి మారుతుంది. చీకటి పడ్డాక మెల్లగా పాత రూపానికి వెళ్లిపోతుంది. ఆ చీకటి గంటల తరబడి తెంపు లేకుండా సాగితే ఆకు నుంచి తలకు పూత కబురు అందుతుంది. మధ్యలో కాసేపు వెలుగు పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ వెల్లడించారు. ఎండాకాలమంతా ఏపుగా పెరుగుతూ పూత మాత్రం వేయని ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి పెట్టెలో ఉంచితే పూసింది.

చాలా చామంతి రకాలకు పగలు పదమూడున్నర గంటలకు తగ్గితే మొగ్గ కట్టి విచ్చుకునే దారి తెరుచుకుంటుంది. పద్నాలుగున్నర గంటలు దాటితే మొగ్గ మొదలవడమే కష్టం. ఇక మన ఊళ్ల పగలు చూద్దాం. అనంతపురంలో జూన్ 21న సూర్యోదయం ఉదయం 5:50 ప్రాంతంలో, అస్తమయం సాయంత్రం 6:50 ప్రాంతంలో. అంటే ఏడాదిలోకెల్లా పొడవైన పగలు 13 గంటలు. కర్నూలులో ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువ, కడపలో ఒక నిమిషం తక్కువ. తెల్లవారకముందు, పొద్దుగూకాక ఉండే మసక వెలుగును కూడా కలిపితే పదమూడు ముక్కాలు. డిసెంబరు 21న పగలు పదకొండుంపావు గంటలే.

తేలేదేమిటంటే, రాయలసీమలో చామంతిని మొగ్గ వేయకుండా ఆపగలిగేంత పొడవైన పగలు ఏ నెలలోనూ లేదు. జూన్ చుట్టుపక్కల హద్దు మీద ఉంటుంది, మిగతా కాలమంతా హద్దుకు ఇవతలే. మే, జూన్ నెలల్లో వేసిన పంట కాస్త పెరిగి దసరా నుంచి కార్తీకం దాకా పూయడం ఆ హద్దు పుణ్యమే. ఎండ వేడి కూడా మొగ్గను కొంత వెనక్కి నెడుతుంది. యూరప్ పుస్తకాల్లో వేసవి పంటకు దీపం అక్కర్లేదని రాసి ఉంటుంది. అక్కడి వేసవి పగలు పదహారు గంటలు. ఆ మాట ఇక్కడ చెల్లదు. ఇక్కడ నారు పెంచేవారికి ఏడాది పొడవునా దీపం కావాలి.

అన్నింటికంటే ఎక్కువ అశ్రద్ధ తల్లి మొక్కల దగ్గరే కనిపిస్తుంది. కొమ్మ ముక్కలు తీసే మడికి దీపం లేకపోతే నాటు ముక్క తలలోనే పూత మొదలై ఉంటుంది. చూడ్డానికి ముక్క బాగానే ఉంటుంది, వేరు కూడా పడుతుంది. నాటిన మూడు వారాలకు అసలు సంగతి బయటపడుతుంది. నారు కొనేటప్పుడు తల కొనను చేత్తో పట్టుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పెరుగుదలలో ఉన్న చామంతి ఆకు అంచు లోతుగా చీలి, రంపపు పళ్లతో ఉంటుంది. పూత కబురు అందిన తల కింద కొత్తగా వచ్చే ఆకులు చీలికలు పోయి, సన్నగా, నిలువుగా, పట్టీల్లా వస్తాయి. ఆ పట్టీ ఆకులను పక్కకు తప్పిస్తే మధ్యలో ఆవగింజంత గుండ్రటి గుబ్బ తగులుతుంది. అలాంటి ముక్కలు ట్రేకు ఒకటీ అరా ఉంటే ఏరేయొచ్చు. పదింటికి రెండుమూడు ఉంటే ఆ ట్రే మొత్తం వద్దనడమే మేలు.

తల్లి మడికి రోజూ రాత్రి 10 నుంచి 2 దాకా దీపం, ఏడాదంతా, పండగ రోజైనా సరే. ముక్క తీసిన ప్రతిసారీ కిందికి రెండుమూడు ఆకులు మిగిల్చి తుంచితే కొత్త పిలకలు లేతగా వస్తాయి. నాలుగైదు నెలలు దాటిన తల్లి మొక్కల కాడలు గట్టిపడి, దీపం ఉన్నా కూడా మొగ్గ వైపు మొగ్గుతాయి. వాటిని తీసేసి కొత్తవి పెట్టాలి. పూత అయిపోయిన చేలో మోళ్ల నుంచి వచ్చిన పిలకలతోనే మళ్లీ నారు కట్టే అలవాటు ఇంకా ఉంది. ఖర్చు మిగులుతుంది గానీ ఆకుమచ్చ, వైరస్ తెగుళ్లు కూడా వాటితోనే వస్తాయి.

నాటు ముక్క 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉండాలి. కింది ఆకులు తీసి, అడుగు కొసను ఐబీఏ అనే వేరు హార్మోను 1000 నుంచి 2000 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఉన్న పొడిలో అద్ది, కోకోపీట్ నింపిన 98 గుంతల ప్రోట్రేలో గుచ్చితే 15 నుంచి 20 రోజుల్లో వేరు గుంత నిండా అల్లుకుంటుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఆ నీటినే రోజుకు పదిసార్లు మంచులా సన్నగా చల్లితే ఆకుల మీద తెల్లటి పొర కట్టి అంచులు మాడతాయి. వాన నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బయట నలభై డిగ్రీలు దాటుతుంది. షేడ్‌నెట్ కింద కూడా ముక్క నిలబడదు. అందుకే కొందరు గదిలో ఇనుప ర్యాకులు పెట్టి ఎల్‌ఈడీ ట్యూబుల కింద వేరు పట్టిస్తున్నారు. దాని లెక్క ఇలా ఉంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఒక అరలో నాలుగు ప్రోట్రేలు పడతాయి, అంటే 392 ముక్కలు. ఆ అరకు 20 వాట్ల నాలుగడుగుల ట్యూబులు నాలుగు, ఆకుల కొసకు అడుగు ఎత్తున. ఒక్కో ట్యూబు 2000 ల్యూమెన్లు (ట్యూబు ఇచ్చే మొత్తం వెలుగు) ఇచ్చేదైతే ట్రే మీద సుమారు 7000 లక్స్ (చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) పడుతుంది. వేరు పట్టే దశకు అది సరిపోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు నాలుగింటిలో రెండు ట్యూబులే వెలిగించాలి. వేరు లేని ముక్క నీళ్లు తాగలేదు, ఎక్కువ వెలుగు పెడితే వాడిపోతుంది. నాలుగు అరల ర్యాకుకు 16 ట్యూబులు, 320 వాట్లు. రోజుకు 16 గంటలకు అయిదు యూనిట్ల చిల్లర.

పదహారు గంటల వెలుగు, ఎనిమిది గంటల చీకటి చామంతి ముక్కకు నిక్షేపంగా సరిపోతాయి. చీకటి ఎనిమిది గంటలకు మించకపోతే మొగ్గ ఊసు ఉండదు. ఇంటర్నెట్‌లో గదిలో పెంచే మొక్కల గురించి వెతికితే 18–6, 12–12 అనే అంకెలు ఎక్కువగా ఎదురవుతాయి. అవి చాలావరకు విదేశాల్లో గంజాయి పెంచేవాళ్ల లెక్కలు. అదీ పొట్టి పగళ్ల మొక్కే కాబట్టి సూత్రం కలుస్తుంది, అంకెలు కలవవు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద మన దేశంలో అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడం నేరం. అక్కడి అంకెల్ని తెచ్చి చామంతికి పెడితే రోజుకు రెండు గంటల కరెంటు దండగ అవుతుంది తప్ప వేరు ముందుగా రాదు. ఇరవై నాలుగు గంటలూ వెలిగించడం అంతకన్నా దండగ.

గదిలో పగలూ రాత్రీ మన చేతిలో ఉంటాయి. వేసవిలో ట్యూబులను మధ్యాహ్నం వెలిగించడం ఎందుకు? సాయంత్రం 5కు ట్యూబులు వేసి ఉదయం 9కి ఆపితే, బయట మండే వేళలో ట్యూబుల వేడి గదిలో కలవదు. కూలరు మీద భారం తగ్గుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చీకటి గంటల్లో మనుషులు తలుపు తీసి లోపలికి వచ్చి పని చేసినా ఈ దశలో నష్టం లేదు, ఎందుకంటే మనకు కావాల్సింది పూత రాకపోవడమే. చీకటి చెడకూడదనే పట్టుదల పూత దశలో అవసరం, నారు దశలో కాదు. చాలామంది దీన్ని తలకిందులుగా పాటిస్తారు. నారు గదికి నల్ల పరదాలు కట్టి, పూత దశలో ఉన్న చేను పక్కన రాత్రంతా వరండా లైటు వేసి ఉంచుతారు.

ర్యాకుతోనే ఎకరం నాటొచ్చా అంటే, లేదు. 30 సెంటీమీటర్ల చదరంలో నాటితే ఎకరాకు దాదాపు 45 వేల మొక్కలు పడతాయి. పై ర్యాకు ఇరవై రోజులకు ఇచ్చేది 1568. గది తల్లి మొక్కలను వేసవి దాటించడానికి, కొత్త రకాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవడానికి పనికొస్తుంది. మిగతా నారంతా షేడ్‌నెట్ కిందనే, పగలు ఎండతో, రాత్రి బల్బులతో.

షేడ్‌నెట్‌లోనూ చేలోనూ రాత్రి దీపం చేసే పని ఆహారం తయారు చేయించడం కాదు, చీకటిని మధ్యలో తెంపడం. అందుకే ర్యాకులో 7000 లక్స్ కావాల్సిన చోట ఇక్కడ 100 లక్స్ చాలు. డిసెంబరులో పొద్దుగూకి మసక పోయేసరికి 6:20. పది నుంచి రెండు దాకా దీపం వేస్తే అటు మూడున్నర గంటల పైన కొంచెం, ఇటు నాలుగుంపావు గంటల చీకటి మిగులుతుంది. ఏ ముక్కా పూతకు చాలదు. అదే నాలుగు గంటల్ని సాయంత్రం ఆరు నుంచి పది దాకా వేసినా మొగ్గ ఆగుతుంది గానీ, ఆ తర్వాత ఎనిమిది గంటల చీకటి ఒకే ముక్కగా ఉంటుంది. కరెంటు ఓ గంట ఎగ్గొట్టినా హద్దు దగ్గరకు పోతాం. నడిరాత్రి వేయడంలో ఆ వెసులుబాటు ఉంది.

బల్బు ఎంచుకోవడంలో రంగు ముఖ్యం. తెల్లటి కూల్ డేలైట్ బల్బుకన్నా పసుపు ఛాయ వామ్ వైట్ బల్బులో ఎరుపు భాగం ఎక్కువ, ఫైటోక్రోమ్‌కు కావాల్సింది అదే. పురుగులు కూడా పసుపు వెలుగుకు తక్కువగా చేరతాయి. పాత ఫిలమెంటు బల్బులూ పనిచేసేవి, కానీ వాటిలోని దూర ఎరుపు కాంతికి కాడలు సన్నగా సాగేవి, కరెంటు బిల్లూ సాగేది.

పది అడుగుల చదరానికి ఒకటి చొప్పున 12 వాట్ల బల్బు వేస్తే ఎకరాకు 435 బల్బులు. నేల నుంచి ఆరడుగుల ఎత్తు. ఎత్తు తగ్గిస్తే బల్బు కింద వెలుగు పెరిగి నడుమ చీకటి గుంట ఏర్పడుతుంది. వెలుగు కొలవాల్సింది బల్బు కింద కాదు, నాలుగు బల్బుల నడిమధ్య, మొక్క తల ఎత్తున, లక్స్ మీటరు ముఖం పైకి పెట్టి. అక్కడ 70 లక్స్ కంటే తగ్గితే బల్బుల మధ్య దూరం ఎనిమిది అడుగులకు కుదించాలి. చేను మొత్తం పచ్చగా ఉండి, నాలుగు బల్బుల మధ్యన గుండ్రంగా కొన్ని మొక్కలే మొగ్గ వేస్తే కారణం ఈ గుంటే. మడి చివర వరస తర్వాత బల్బు లేకపోతే గట్టు మీది మొక్కలదీ అదే గతి. అందుకే చివరి బల్బు వరస గట్టుకు అయిదడుగుల లోపే ఉండాలి.

మొత్తం 5.2 కిలోవాట్లు. నాలుగు గంటలకు 21 యూనిట్లు. దీన్ని ఒకే తీగ మీద లాగితే 22 ఆంపియర్లు దాటుతుంది. చివరి బల్బులకు వోల్టేజి పడిపోతుంది, చవక బల్బులు మసకబారతాయి. నాలుగైదు లైన్లుగా విడగొట్టి, లైనుకో 10 ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే కరెంటు ఆపే స్విచ్చి), అన్నింటికీ ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపే స్విచ్చి) పెట్టాలి. తడి నేల, వట్టి కాళ్లు, అతుకులు బయటికి కనబడే తీగ. ఈ మూడూ ఒకచోట ఉన్న చేలో ఆర్సీసీబీ లేకుండా దీపాలు వేయకూడదు. హోల్డర్లు కిందికి చూస్తూ, వాన నీళ్లు దిగకుండా ఉండాలి. వ్యవసాయ ఫీడరులో మోటారుకిచ్చే త్రీఫేజ్ సరఫరా గంటలు పరిమితం, అదీ ఎక్కువగా పగటిపూట. దాన్ని నమ్ముకుని రాత్రి దీపాల పథకం వేయలేం. సింగిల్ ఫేజ్ కనెక్షను విడిగా ఏ కేటగిరీలో తీసుకోవాలో విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ముందే తేల్చుకోవాలి.

ఈ ఏర్పాట్లన్నింటిలో చవకైనదీ, ఎక్కువ పంట చెడగొట్టేదీ టైమరు. ముళ్లు గుచ్చే తిరుగుడు టైమరు కరెంటు పోతే ఆగిపోతుంది, వస్తే ఆగిన చోటు నుంచి నడుస్తుంది. రోజుకు గంట కోత ఉన్న ఊళ్లో వారం తిరిగేసరికి అది ఏడు గంటలు వెనకబడుతుంది. పదికి వెలగాల్సిన దీపం తెల్లవారుజామున అయిదుకు వెలిగి, ఎండలో కూడా వెలుగుతూ ఉంటుంది. పొద్దెక్కాక చేలో బల్బులు వెలుగుతూ కనిపిస్తే కరెంటు వృథా అని మాత్రమే అనుకుంటాం. అసలు నష్టం ఆ వారం రాత్రుల్లో జరిగిపోయి ఉంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే కొనాలి. వారానికోసారి రాత్రి పది దాటాక ఎవరో ఒకరు వెళ్లి కళ్లారా చూడాలి. ఒక్క రాత్రి దీపం తప్పితే కంగారు లేదు. వరసగా నాలుగైదు రాత్రులు తప్పితే తలల్లో కదలిక మొదలవుతుంది. అప్పుడు దీపం మళ్లీ వేస్తే కొన్ని రకాల్లో మొగ్గ సగంలో ఆగి, చుట్టూ పట్టీ ఆకులతో గిడసబారుతుంది. అలా అయితే తల రెండంగుళాలు తుంచి పక్క కొమ్మలను రానివ్వడమే మార్గం, పదిహేను రోజులు నష్టం.

కరెంటు ఖర్చు తగ్గించుకునే ఉపాయం ఒకటుంది, మన దగ్గర ఇంకా ఎక్కువమంది వాడటం లేదు. నాలుగు గంటలూ ఏకధాటిగా వెలగాల్సిన పని లేదు. అరగంటలో ఆరు నిమిషాలు వెలిగి, ఇరవై నాలుగు నిమిషాలు ఆరినా చామంతికి అదే ఫలితం. ఎకరాన్ని అయిదు లైన్లు చేసి, వరస టైమరుతో ఒకదాని తర్వాత ఒకటి ఆరేసి నిమిషాలు తిప్పితే ఏ క్షణాన అయినా వెలిగేది 87 బల్బులే, అంటే ఒక కిలోవాటు చిల్లర. రాత్రికి 21 యూనిట్ల బదులు నాలుగు యూనిట్ల పైన కొంచెం. ఆ మాత్రం భారాన్ని ఇన్వర్టరు కూడా మోస్తుంది. షరతులు రెండు. ఈ పద్ధతిలో నడిమధ్య గుంటలో కూడా నిండుగా 100 లక్స్ ఉండాలి, ఇక్కడ 70తో సరిపెట్టుకోకూడదు. సీఎఫ్‌ఎల్ బల్బులు వాడకూడదు, మాటిమాటికీ వెలిగి ఆరితే వాటి ఆయుష్షు చకచకా తరిగిపోతుంది.

దీపం ఎప్పుడు ఆపాలి అన్నది పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. దీపం ఆపిన నాటి నుంచి పువ్వు కోతకొచ్చే దాకా రకాన్ని బట్టి ఏడు నుంచి పదకొండు వారాలు పడుతుంది. తొమ్మిది వారాల రకం అనుకుందాం. భోగికి నాలుగైదు రోజుల ముందు, జనవరి 9న తొలి కోత మార్కెట్టుకు పోవాలంటే దీపం ఆపాల్సింది నవంబరు 7న. అప్పటికి మొక్క ముంజేతి ఎత్తు పెరిగి, తల తుంచాక వచ్చిన పక్క కొమ్మలు నాలుగైదు అంగుళాలు ఉండాలంటే నాటు అక్టోబరు 1న, తల తుంచడం అక్టోబరు 20 ప్రాంతంలో. ముక్క ట్రేలో గుచ్చడం సెప్టెంబరు 10న. అంటే వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి గిరాకీ చూసి ముచ్చటపడి అప్పుడు నారు వెతికితే సంక్రాంతికి అందేది మిగిలిపోయిన ముదురు నారే. చేలో 37 రాత్రుల దీపానికి ఏకధాటి పద్ధతిలో 777 యూనిట్లు, వంతుల పద్ధతిలో 155 యూనిట్లు. కొత్త రకమైతే వారాల లెక్కను నర్సరీ మాట మీద వదలకుండా, ఒక చాలులో ముందుగా దీపం ఆపి చూసుకోవడం మంచిది. ఇక్కడి ఎండకు, చలికి అదే రకం బెంగళూరు దగ్గర చెప్పిన లెక్క కంటే వారం అటూ ఇటూ నడుస్తుంది.

నవంబరు 7 తర్వాత నియమం తిరగబడుతుంది. ఇకమీదట చీకటిని కాపాడాలి. వెన్నెలతో భయం లేదు, నిండు పున్నమి నాడు కూడా నేల మీద పడేది లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు. భయమంతా వీధి దీపంతో, బోరు షెడ్డు మీది బల్బుతో, పక్క చేలో ఇంకా ఆపని దీపాలతో. 20 లక్స్ రాత్రంతా పడినా చాలా రకాలు ఆలస్యంగా పూస్తాయి. రోడ్డు వైపు నాలుగైదు చాళ్లు పచ్చగా మిగిలి, మిగతా చేను విచ్చుకుంటే ఎరువు లోపమని మందు కొట్టించుకునేవారున్నారు. ఆ చాళ్ల దగ్గర రాత్రి నిలబడి స్తంభం కేసి చూస్తే సరి. దీపం వైపు ఒక వరస పాత చీరలైనా, షేడ్‌నెట్ గుడ్డ అయినా కడితే నీడ పడుతుంది. పక్క రైతుతో దీపం ఆపే తేదీ ముందుగా మాట్లాడుకోవడం అంతకన్నా సులువు.

జూన్‌లో దీపం ఆపిన పంటకు మాత్రం వేరే చిక్కు. పగలు హద్దు మీద ఉంటుంది కాబట్టి కొన్ని రకాలు మొగ్గకు తాత్సారం చేస్తాయి. విదేశీ పద్ధతిలో సాయంత్రం 5 నుంచి ఉదయం 8 దాకా నల్ల పాలిథీన్ కప్పమని సలహాలు వస్తాయి. ఇక్కడి జూన్ సాయంత్రం అయిదు గంటలకు నల్ల పాలిథీన్ కింద మొక్క ఉడికిపోతుంది, ఆ వేడే పూతను ఇంకా ఆలస్యం చేస్తుంది. తప్పనిసరైతే ఎండ తగ్గాక ఆరున్నరకు గాలి ఆడే మందపాటి నల్ల గుడ్డ కప్పి, ఉదయం ఎనిమిది లోపు తీసేయాలి. పదమూడు గంటలు దాటిన చీకటి దొరుకుతుంది, అది చాలు. రోజూ ఎకరం కప్పి తీయడానికి ఎంతమంది కూలీలు కావాలో లెక్క వేస్తే, జూన్‌లో దీపం ఆపే పంట ఎందుకు ఎవరూ పెద్దగా వేయరో అర్థమవుతుంది.